హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో వెట్టి ఎక్కడ మొదలవుతుంది?

పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులు నడిపేవాళ్లను, ఇచ్చేవాళ్లను ఒక పాత సందేహం మళ్లీ తొలుస్తోంది. ఆసుపత్రి వార్డు తుడిచే మనిషి ఆసుపత్రి మనిషా, ఏజెన్సీ మనిషా? ఆమెకు జీతం సరిగా అందకపోతే ఎవరిని అడగాలి? మరోపక్క విదేశాల్లో మాతృసంస్థలున్న కంపెనీలు హైదరాబాద్‌లోని తమ క్లీనింగ్ ఏజెన్సీలకు ప్రశ్నావళులు పంపుతుంటాయి. మీ దగ్గర ఆధునిక బానిసత్వం లేదని ఎలా నిరూపిస్తారని అందులో అడుగుతాయి. ఆ మాట చూడగానే ఏజెన్సీ యజమానికి చురుక్కుమంటుంది. నెలనెలా బ్యాంకులో జీతం వేస్తున్నాం, ఎవరినీ కట్టేసి పని చేయించుకోవడం లేదు, మాకీ మాటేమిటి అంటారు.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. చట్టం చెప్పే అర్థం, టెండరులో రాసిన రేటు, మస్టర్ పుస్తకంలో పడ్డ హాజరు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తేనే విషయం బయటపడుతుంది.

జీతం అందుతున్నా నిర్బంధమే అవుతుందా

రాజ్యాంగంలోని 23వ అధికరణం మనుషుల అక్రమ రవాణాను, వెట్టిని, ఆ కోవలోకి వచ్చే ఇతర నిర్బంధ చాకిరీని నిషేధించింది. ప్రాథమిక హక్కుల్లో చాలావరకు ప్రభుత్వం మీద ప్రయోగించేవి. ఇది ప్రైవేటు వ్యక్తుల మీద కూడా నేరుగా వర్తిస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ, 1930లో చేసిన 29వ ఒప్పందంలో నిర్బంధ చాకిరీకి ఒక నిర్వచనం ఉంది. మనిషి తనంతట తాను ఒప్పుకోకుండా, ఏదో ఒక శిక్ష తప్పదన్న భయంతో చేసే పని నిర్బంధ చాకిరీ. మన దేశం 1954లో ఈ ఒప్పందాన్ని ఆమోదించింది. శిక్ష అంటే దెబ్బలే కానక్కర్లేదు. మానేస్తే రెండు నెలల బకాయి జీతం పోతుందన్న భయం, ఆధార్ కార్డు తిరిగి ఇవ్వరన్న భయం, ఊళ్లో ఉన్న అన్న మీద అప్పు పడుతుందన్న భయం కూడా శిక్ష కిందికే వస్తాయి.

‘ఆధునిక బానిసత్వం’ అన్నది మన చట్టాల్లో నేరం పేరుగా కనిపించదు. నిర్బంధ చాకిరీ, అప్పు కింద కట్టుబడి చేసే పని, అక్రమ రవాణా, బలవంతపు పెళ్లి లాంటివాటన్నిటికీ కలిపి అంతర్జాతీయంగా వాడే గొడుగు పేరు అది. 2022లో ఐఎల్‌ఓ మరో రెండు సంస్థలతో కలిసి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 4.96 కోట్ల మంది ఈ గొడుగు కింద ఉన్నారు. వారిలో 2.76 కోట్ల మంది నిర్బంధ చాకిరీలో ఉన్నవారు.

మన దగ్గర గీత ఎక్కడుందో తేల్చిన తీర్పు 1982 నాటిది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్న రోజులవి. కూలీలకు రోజుకు కనీస వేతనం 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ డబ్బును జమాదార్ల చేతుల మీదుగా ఇచ్చేవారు. జమాదారు మనిషికి ఒక రూపాయి కమీషన్ పట్టుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవాడు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆకలి, పేదరికం వల్ల మరో దారిలేక మనిషి కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకుంటే, ఆ లేమి కూడా బలప్రయోగమేనని జస్టిస్ భగవతి రాశారు. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్న పని 23వ అధికరణం కింద నిర్బంధ చాకిరీ అవుతుందని తేల్చారు. పని చేయిస్తున్నది కాంట్రాక్టరు కదా అని ప్రభుత్వ సంస్థలు తప్పుకోవడానికీ వీల్లేదన్నారు.

ఈ తీర్పు మీద న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. తక్కువ జీతమిచ్చే ప్రతి దుకాణదారుణ్నీ వెట్టి చేయిస్తున్నాడంటే, గదిలో పెట్టి తాళం వేసి చేయించుకునేవాడికీ అతనికీ తేడా లేకుండా పోదా అని అడిగేవారున్నారు. అసలు బాధితుల మీద పెట్టాల్సిన దృష్టి చెదిరిపోతుందని వారి బాధ. వారి మాటలో బలం లేకపోలేదు. అయితే తాళం పడ్డ గదిదాకా ఎవరూ ఒక్కరోజులో చేరరు. జీతంలో చిన్న కోతతో మొదలై బకాయి, అప్పు, బెదిరింపు మెట్టుమెట్టుగా వచ్చి చేరతాయి. నివారణ గురించి మాట్లాడేటప్పుడు మొదటి మెట్టును లెక్కలోకి తీసుకోక తప్పదని నేననుకుంటాను.

ముగ్గురు మనుషులు, మూడు మెట్లు

ఊహించిన ముగ్గురితో ఈ తేడా చూద్దాం.

లక్ష్మి ఒక మాల్‌లో పనిచేస్తుంది. జీతం కనీస వేతనానికి సమానంగా, ఏడో తారీఖులోపు పడుతుంది. పీఎఫ్ కడుతున్నారు. సూపర్‌వైజరు నోటి దురుసు మనిషి, పని ఎక్కువ, కూర్చోవడానికి చోటు లేదు. ఇది మంచి ఉద్యోగం కాదు గానీ నిర్బంధ చాకిరీ కూడా కాదు. రేపు మానేయాలనుకుంటే మానేయగలదు.

రమణ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. రిలీవర్ రాకపోతే మర్నాడు పగలు కూడా ఉండాలి. దాన్ని ‘కంటిన్యూ డ్యూటీ’ అంటారు. ఓవర్‌టైమ్ ఇవ్వరు. చెప్పకుండా ఒకరోజు మానేస్తే రెండు రోజుల జీతం కోస్తారు. చేరినప్పుడు యూనిఫాం డిపాజిట్ అంటూ పట్టుకున్న డబ్బు ఏడాది దాటినా రాలేదు. ఇక్కడ కార్మిక చట్టాల ఉల్లంఘన స్పష్టంగా ఉంది. ఆసియాడ్ తీర్పు ప్రకారం చూస్తే రాజ్యాంగ ఉల్లంఘన వాదన కూడా నిలుస్తుంది.

బిపిన్ ఒడిశా నుంచి వచ్చాడు. ఊళ్లోనే మేస్త్రీ 20 వేలు అడ్వాన్స్ ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఏజెన్సీ చూపిన గదిలో మరికొందరితో కలిసి ఉంటాడు. గది అద్దె, తిండి ఖర్చు జీతంలోంచే పోతాయి. ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర, ఒరిజినల్ ఆధార్ ఆఫీసులో ఉన్నాయి. అడ్వాన్స్ ఎంత తీరిందో ఎవరూ చెప్పరు. ఊరెళతానంటే బాకీ కట్టి వెళ్లమంటారు. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం వర్ణించింది అచ్చంగా ఈ పరిస్థితినే. అడ్వాన్స్‌కు బదులుగా మనిషి కనీస వేతనాన్నో, మరోచోట పని వెతుక్కునే స్వేచ్ఛనో, తిరిగే స్వేచ్ఛనో వదులుకోవాల్సి వస్తే అది వెట్టే. కాంట్రాక్టు కార్మికులకు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారికి కూడా ఇది వర్తిస్తుందని 1985లో వివరణ చేర్చారు. ఆ అప్పు చట్టం దృష్టిలో రద్దయినట్టే. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం ఇచ్చినవాడిది. శిక్ష మూడేళ్లదాకా జైలు. నాలుగు కోడ్‌లు వచ్చినా ఈ చట్టం వాటిలో కలవలేదు, విడిగానే ఉంది.

ఐఎల్‌ఓ నిర్బంధ చాకిరీకి 11 సూచికలు చెబుతుంది. జీతం ఆపిపెట్టడం, గుర్తింపు పత్రాలు తీసుకోవడం, అప్పుతో కట్టేయడం, హద్దు మీరిన ఓవర్‌టైమ్, మోసం, బెదిరింపు, ఒంటరిని చేయడం వాటిలో కొన్ని. ఒక్క సూచిక కనబడగానే నేరం రుజువైనట్టు కాదు. బిపిన్ కథలో నాలుగైదు ఒకేసారి కనిపిస్తున్నాయి. తనిఖీకి వెళ్లినవారు చూడాల్సింది ఆ కలయికనే.

ముగ్గురూ నోరు విప్పకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. మన రెండు రాష్ట్రాల్లో చీపురు పట్టే పనిలో దళిత మహిళలు చాలా ఎక్కువ. ఈ పని వీళ్లే చేయాలి, వీళ్లకు ఈ మాత్రం చాలు అన్న కుల భావన జీతం నిర్ణయించే చోటా పనిచేస్తుంది, ఫిర్యాదు వినే చోటా పనిచేస్తుంది. అపార్ట్‌మెంట్ ఊడ్చే మనిషినే సెప్టిక్ ట్యాంకులోకి దిగమనే ధైర్యం ఇలాంటి భావన నుంచే వస్తుంది. సరైన రక్షణ సరంజామా లేకుండా అలా దింపడాన్ని, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం నేరంగా ప్రకటించింది. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

యజమాని ఎవరన్న చిక్కుముడి

కేంద్ర ప్రభుత్వం 1976 డిసెంబర్‌లో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, తుడవడం, దుమ్ము దులపడం, కాపలా పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదన్నది దాని సారాంశం. ఎయిర్ ఇండియా కేసులో 1996లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, నిషేధం ఉన్నచోట ఆ కార్మికులు నేరుగా ప్రధాన సంస్థ ఉద్యోగులవుతారంది. అయిదేళ్లు తిరక్కుండానే, 2001లో, స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది, ఎయిర్ ఇండియా తీర్పునూ పక్కనపెట్టింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన ఉద్యోగం దానంతటదే రాదని తేల్చింది. కాంట్రాక్టు అన్నది ఉత్త నాటకమని రుజువు చేస్తే తప్ప.

ఈ కథలో మనకు దగ్గరి అధ్యాయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. 2003లో రాష్ట్రం కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరించి, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కూడదంది. అంతవరకు బాగానే ఉంది. పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్ లాంటివి ప్రధాన కార్యకలాపాలు కావంటూ వాటిని బయట పెట్టింది. ఇప్పుడు దేశమంతటికీ వచ్చిన నాలుగు కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత కోడ్‌లోనూ దాదాపు అదే ఏర్పాటు. సంస్థను పెట్టిందే శుభ్రపరిచే పని కోసం అయితే తప్ప ఊడ్చడం, తుడవడం, చెత్త ఎత్తడం ప్రధాన కార్యకలాపం కాదు. అంటే ఐటీ కంపెనీ హౌస్‌కీపింగ్‌ను నిక్షేపంగా కాంట్రాక్టుకు ఇచ్చుకోవచ్చు. శుభ్రం చేయడమే వ్యాపారంగా పెట్టుకున్న ఏజెన్సీ తన పనిని మళ్లీ ఉప కాంట్రాక్టుకు ఇస్తే మాత్రం ప్రశ్న ఎదురవుతుంది.

కాంట్రాక్టుకు ఇచ్చుకోవచ్చు అనడమంటే బాధ్యత వదిలించుకోవచ్చు అని అర్థం కాదు. ఇక్కడే రెండు కోడ్‌లను కలిపి చదవాలి. వృత్తి భద్రత కోడ్‌లో కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది, అంతకు పైన ఉన్నచోట వర్తిస్తుంది. కేంద్ర చట్టంలో పాత పరిమితి 20. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన సంస్థ, చెల్లించి, ఆ సొమ్ము కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవాలని ఆ అధ్యాయం చెబుతుంది. పరిమితి పెరగడంతో 30 మంది కాంట్రాక్టు కార్మికులు పనిచేసే ఆసుపత్రి లాంటివి దీని బయటికి పోయాయి. కార్మిక సంఘాల ప్రధాన అభ్యంతరాల్లో ఇదొకటి. చిన్న సంస్థలకు రిజిస్టర్ల భారం తగ్గుతుందన్నది ప్రభుత్వ వాదన.

వేతనాల కోడ్‌లోని 43వ సెక్షన్‌కు మాత్రం అలాంటి సంఖ్య పరిమితి లేదు. జీతమివ్వాల్సినవాడు ఇవ్వకపోతే, ఆ మనిషి ఏ సంస్థలో పనిచేస్తున్నాడో ఆ సంస్థ యాజమాన్యం ఇవ్వాలని అది చెబుతోంది. పదిమంది మాత్రమే తుడిచే నర్సింగ్‌హోంకు కూడా ఈ సెక్షన్ తగులుతుంది. కోడ్‌ల మీద జరుగుతున్న చర్చలో దీనికి రావలసినంత ప్రచారం రాలేదు.

రేటు కాగితం మీద లెక్క

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. నా దృష్టిలో క్లీనింగ్ పనిలో దోపిడీ జరిగేదీ, దాన్ని ఆపగలిగేదీ రేటు ఖరారు చేసే గదిలోనే.

కనీస వేతనం రాష్ట్రాన్ని బట్టి, జోన్‌ను బట్టి మారుతుంది. ధరల సూచిని బట్టి డీఏ, అంటే కరువు భత్యం కూడా కలుస్తుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక మనిషి నెల వేతనం 13,000 రూపాయలనుకుందాం. దీనిపైన యజమాని కట్టాల్సినవి చూడండి. పీఎఫ్ వాటా, దానితో పాటు ఉండే బీమా, నిర్వహణ ఛార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,690. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 423. కనీస బోనస్ 8.33 శాతం, అంటే 1,083. ఏడాదికి 15 రోజుల సెలవు జీతాన్ని నెలలకు పంచితే 625. మొత్తం 16,821.

చీపురు, ఫినాయిల్, గ్లవ్స్, యూనిఫాం, సూపర్‌వైజరు జీతం, ఏజెన్సీ లాభం ఇంకా ఇందులో లేవు. సర్వీస్ ఛార్జీ 8 శాతం అనుకుంటే 1,346 కలిసి 18,167 అవుతుంది. దానిమీద 18 శాతం జీఎస్టీ 3,270. బిల్లు 21,437 రూపాయలు. మామూలు కంపెనీ ఆ జీఎస్టీని తన పన్నులో సర్దుబాటు చేసుకుంటుంది. వైద్యసేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆసుపత్రికి ఆ వీలుండదు. ఆసుపత్రులు రేటు దగ్గర గట్టిగా బేరమాడటానికి ఇదొక కారణం. ఇంత బిల్లులో కార్మికురాలి చేతికొచ్చేది ఎంత? 13,000లో తన పీఎఫ్ వాటా 1,560, ఈఎస్ఐ 98 పోగా 11,342.

ఒక ఏజెన్సీ జీఎస్టీ కాకుండా అన్నీ కలిపి 15,500కే చేస్తానని కొటేషన్ ఇచ్చిందనుకోండి. చట్టప్రకారం ఖర్చే 16,821. మనిషికి 1,321 తక్కువ. 40 మంది ఉంటే నెలకు 52,840, ఏడాదికి 6 లక్షల 34 వేలు. ఏజెన్సీ తన జేబులోంచి ఇవ్వదు. లాభం కూడా మిగుల్చుకోవాలి. ఆ సొమ్ము పీఎఫ్ ఎగ్గొట్టో, 40 మంది పని 34 మందితో చేయించో, బోనస్ మింగేసో రాబట్టాలి. వేరే దారి లేదు. కాబట్టి కొటేషన్ మీద సంతకం పెట్టిన మేనేజరు, తర్వాత జరిగేది నాకు తెలియదనడానికి లేదు. కూడికలు వస్తే చాలు, తెలిసిపోతుంది.

ప్రభుత్వ టెండర్లలోనూ ఇదే జరుగుతుంది. ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవారికి పని. వేతనం, పీఎఫ్ స్థిరంగా పెట్టి సర్వీస్ ఛార్జీ మీద మాత్రమే పోటీ పెడితే, ఛార్జీని దాదాపు సున్నాకు తెచ్చే ఏజెన్సీలు ఉంటాయి. లాభం లేకుండా ఎవరూ వ్యాపారం చేయరు. సున్నా ఛార్జీ అన్న అంకె చూడగానే మిగతాది ఎక్కణ్నుంచి వస్తుందని అడగాలి.

పన్నెండు గంటల డ్యూటీ వెల ఎంత

అదే 13,000 వేతనాన్ని 26 రోజులకు భాగిస్తే రోజుకు 500. ఎనిమిది గంటలకు గంటకు 62 రూపాయల 50 పైసలు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి, అంటే గంటకు 125. రోజూ 12 గంటలు పనిచేస్తే అదనపు నాలుగు గంటలకు 500. రోజు కూలి 1,000, నెలకు 26,000.

చాలాచోట్ల 12 గంటల డ్యూటీకి ‘ఫిక్స్‌డ్’ అని ఒక మొత్తం చెబుతారు. అది 16,000 అనుకుందాం. కనీస వేతనం కన్నా 3,000 ఎక్కువిస్తున్నామని ఏజెన్సీ చెబుతుంది, కార్మికుడూ అలాగే అనుకుంటాడు. నిజానికి నెలకు 10,000 తక్కువ. మూడు షిఫ్టులకు ముగ్గురు ఉండాల్సిన చోట ఇద్దరితో నడిపేయడం వల్ల మిగిలే డబ్బు ఇది. ఇద్దరికీ ఇంటికెళ్లి పడుకోవడానికి తప్ప టైముండదు. వేరే పని వెతుక్కునే తీరికా ఉండదు.

ఇక్కడ కార్మికుల వైపు నుంచే ఒక భిన్నాభిప్రాయం వినిపిస్తుంది. ఊరు వదిలొచ్చిన కుర్రవాడు నాలుగు డబ్బులు వెనకేసుకోవాలని 12 గంటలు తానే అడుగుతాడు, కాదంటే 12 గంటలిచ్చే ఇంకో ఏజెన్సీకి పోతాడు. అది నిజమే. ఎనిమిది గంటల జీతంతో హైదరాబాద్‌లో గది అద్దె కట్టి ఇంటికి పంపడం కుదరదు. అయితే అతను ఒప్పుకున్నది పనికి. రెట్టింపు రేటు వదులుకోవడానికి అతను ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోదు.

కాగితంలో ఒకటి, చేతిలో ఒకటి

ఆసియాడ్ జమాదారు ఆ రూపాయి చేతిలోంచి పట్టుకున్నాడు. ఇప్పుడు జీతం బ్యాంకులో పడుతుంది కాబట్టి కోత రూపం మార్చుకుంది. జీతం పూర్తిగా ఖాతాలో వేసి, మర్నాడు సూపర్‌వైజరు ఒక్కొక్కరి దగ్గరా నగదు వెనక్కి వసూలు చేస్తాడు. లేదా ఏటీఎం కార్డులన్నీ తన దగ్గరే పెట్టుకుంటాడు. ఆడిటరుకు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు మచ్చలేకుండా ఉంటుంది. దీన్ని పట్టుకునే చిన్న ఆధారం ఒకటుంది. పాతికమంది ఖాతాల్లో ఒకే రోజున, ఒకే ఏటీఎంలో, నిమిషాల తేడాతో డబ్బు డ్రా అయి ఉంటుంది.

పీఎఫ్ విషయంలో చలాను చూడటం ఒక్కటే చాలదు. చలానులో మొత్తం ఉంటుంది, ఎవరి పేరు మీద ఎంత పడిందన్నది జతచేసిన జాబితాలో ఉంటుంది. 40 మందికి బిల్లు తీసుకుని 28 మందికి పీఎఫ్ కట్టినా చలాను అసలైనదే. మస్టర్‌లోని పేర్లు, పీఎఫ్ జాబితాలోని పేర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ రాసే పుస్తకంలోని పేర్లు మూడూ ఒకచోట పెడితే తేడా బయటపడుతుంది. కార్మికురాలి వైపు నుంచి చూస్తే, రిజిస్టరైన ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే పీఎఫ్ నిల్వ మెసేజ్‌గా వస్తుంది. ఆ ఫోన్ నంబరు స్థానంలో సూపర్‌వైజరు నంబరు నమోదై ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

కోతలకూ హద్దుంది. వేతనాల కోడ్ ప్రకారం అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. జరిమానాలు 3 శాతం మించకూడదు. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. ఒకరోజు రానందుకు రెండు రోజుల జీతం కోయడానికి ఇందులో చోటు లేదు. నియామక పత్రం ఇప్పుడు తప్పనిసరి. బిపిన్ లాంటి మనిషికి అదే పెద్ద అండ, ఎందుకంటే అతను ఏ ఏజెన్సీ మనిషో రుజువు చేసే కాగితం ఇంతవరకు అతని దగ్గర ఏదీ లేదు.

ఏజెన్సీ వైపు మాట

ఏజెన్సీలందరినీ దోపిడీదారులని రాసేయడం తేలిక, న్యాయం మాత్రం కాదు. జీతాలు ఏడో తారీఖులోపు ఇవ్వాలి. క్లయింటు బిల్లు పాస్ చేసేది రెండు మూడు నెలలకు. మధ్యలో డబ్బు వడ్డీకి తేవాలి. జీఎస్టీ మాత్రం బిల్లు ఇచ్చిన లెక్కన కట్టాలి, క్లయింటు డబ్బిచ్చేదాకా ఆగదు. కనీస వేతనం మీద డీఏ పెరిగినప్పుడు, ఒప్పందంలో ఆ మేరకు రేటు పెంచే షరతు లేకపోతే ఆ భారం ఏజెన్సీదే. సక్రమంగా పీఎఫ్ కట్టే ఏజెన్సీ ప్రతిసారీ ఎల్‌1 దగ్గర ఓడిపోతుంది, కొన్నాళ్లకు మూతపడుతుంది, లేదా మిగతావాళ్ల దారి పడుతుంది.

అడ్వాన్సుల విషయంలోనూ వారి మాట వినాలి. ఊరి నుంచి వచ్చేవాడికి రైలు టికెట్టుకు, మొదటి నెల తిండికి డబ్బు కావాలి. బ్యాంకు ఇవ్వదు. మేమిస్తే వెట్టి అంటారా అని అడుగుతారు. అడ్వాన్స్ ఇవ్వడం నేరం కాదు. ఎంతిచ్చారో రాసి, నెలకు ఎంత తెగుతుందో చీటీలో చూపి, బాకీ ఉన్నా మనిషి వెళ్లిపోగలిగితే అది మామూలు అప్పు. బాకీ తీరేదాకా మనిషిని ఆపినరోజు దాని స్వభావం మారిపోతుంది.

గల్ఫ్‌లో క్లీనింగ్ కంపెనీ వీసా

తెలుగువాళ్లకు ఈ సమస్య మరో రూపంలో బాగా తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయ్, ఖతర్‌లకు, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు ‘కంపెనీ వీసా’ మీద వెళ్లేవారిలో క్లీనింగ్ కంపెనీల్లో చేరేవారు చాలామంది.

ఇక్కడ పట్టు వీసా ఖర్చు దగ్గర మొదలవుతుంది. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. సబ్ ఏజెంట్ల చేతులు మారేసరికి లక్ష దాటడం ఆ ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతి. 1,20,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోండి. మొదటి నెల వడ్డీ 2,400. అక్కడ నుంచి నెలకు 12,000 పంపితే అప్పు తీరడానికి 11 నెలలు దాటుతుంది. ఆ దాదాపు ఏడాదిపాటు, ముందు చెప్పిన దానికన్నా తక్కువ జీతమిచ్చినా, వేరే పనిలో పెట్టినా అతను తిరిగి రాలేడు. ఎవరూ పాస్‌పోర్టు లాక్కోనక్కర్లేదు.

లాక్కోవడం కూడా చట్టవిరుద్ధమే. కార్మికుడి పాస్‌పోర్టు పట్టుకోవడాన్ని యూఏఈ, ఖతర్ చట్టాలు నిషేధించాయి. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది, 2021 మార్చి నుంచి 1,000 రియాల్‌ల కనీస వేతనం పెట్టింది. అసలు కార్మికుడి దగ్గర ఫీజే తీసుకోకూడదని ఐఎల్‌ఓ 1997 నాటి 181వ ఒప్పందం సూత్రంగా చెబుతుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. మన చట్టం ఫీజును ఒప్పుకుని, దానికి పరిమితి పెట్టింది.

ప్రకటనలతో, ఆడిట్‌లతో ఆగుతుందా

బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వ చట్టం చేసింది. ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న సంస్థలు తమ సరఫరా గొలుసులో దీన్ని ఆపడానికి ఏం చేశాయో ఏటా ప్రకటన ఇవ్వాలి. ఆస్ట్రేలియా 2018లో ఇలాంటిదే తెచ్చింది, అక్కడ పరిమితి 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. హైదరాబాద్ ఆఫీసుల ద్వారా మన ఏజెన్సీలకు వచ్చే ప్రశ్నావళుల మూలం ఇలాంటి చట్టాల్లోనే ఉంది. మన దగ్గర స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో మొదటి వెయ్యింటికి 2022-23 నుంచి తప్పనిసరి చేసిన సుస్థిరత నివేదికలోనూ నిర్బంధ చాకిరీ, వేతనాల గురించి ప్రశ్నలున్నాయి.

వీటిని సమర్థించేవారు, కనీసం ఒక డైరెక్టరు సంతకం పెట్టాల్సి వస్తోంది, బోర్డు గదిలోకి చీపురు పట్టిన మనిషి ప్రస్తావన వస్తోంది అంటారు. విమర్శకులు బ్రిటన్ చట్టంలో ఒక వాక్యాన్ని చూపిస్తారు. ‘మేమే చర్యా తీసుకోలేదు’ అని రాసినా ప్రకటన ఇచ్చినట్టే లెక్క. అసలు ఇవ్వకపోతే జరిమానా లేదు, కోర్టు ద్వారా ఆదేశం తెచ్చే అధికారం మాత్రం మంత్రికి ఉంది.

ఆడిట్ సంగతి క్షేత్రంలో ఎలా ఉంటుందో చెప్పాలి. ముందే తేదీ చెప్పి వస్తారు. ఆ రోజు అందరి చేతులకీ కొత్త గ్లవ్స్ ఉంటాయి, యాసిడ్ డబ్బాలు కనిపించవు. సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉండగా ఇంగ్లీషులోనో హిందీలోనో నలుగురిని ప్రశ్నలడుగుతారు. జీతం సరిగా వస్తోందా అంటే వస్తోంది సార్ అంటారు. అదే ప్రశ్న షిఫ్ట్ మారే వేళ, గేటు బయట బస్టాపులో, తెలుగులోనో ఒడియాలోనో అడిగితే జవాబు వేరు. ఎంత వస్తోంది అని కాకుండా, పోయిన నెల ఇంటికి ఎంత పంపారు, కార్డు ఎవరి దగ్గరుంది అని అడిగితే ఇంకా తెలుస్తుంది.

మధ్యలో ఏజెన్సీని తీసేస్తే

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆప్కాస్ అనే సంస్థ పెట్టి ప్రైవేటు ఏజెన్సీల స్థానంలో తానే అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి జీతాలివ్వడం మొదలుపెట్టింది. కమీషన్లు పోతాయి, పీఎఫ్, ఈఎస్ఐ సక్రమంగా పడతాయి అన్నది ఉద్దేశం. దళారీ పోవడం చిన్న విషయం కాదు. అయినా 2023 డిసెంబర్ చివర్లో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. పర్మినెంట్ చేయాలని, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని అడిగారు. మధ్యవర్తి లేకుండా పోయినా, అదే వీధిని ఊడ్చే ఇద్దరి మధ్య జీతం తేడా పోలేదన్నది వారి ఫిర్యాదు. ప్రభుత్వాల వైపు నుంచి జవాబు ఖజానా భారం. ఈ రెండు వాదనల మధ్య ఎటూ తేలని స్థితిలోనే పారిశుద్ధ్యం నడుస్తోంది.

తప్పు బయటపడ్డాక

ఏజెన్సీలో వెట్టి లక్షణాలున్నాయని తేలగానే క్లయింటు చేసే మొదటి పని కాంట్రాక్టు రద్దు. పత్రికల్లో పేరు రాకుండా చూసుకోవాలి కదా. 2001 నాటి స్టీల్ అథారిటీ తీర్పు ప్రకారం కార్మికులకు ఆ సంస్థలో ఉద్యోగం దానంతటదే రాదు. బకాయిలు పాత ఏజెన్సీ దగ్గర చిక్కుకుంటాయి. మేస్త్రీ దగ్గర అప్పు అలాగే ఉంటుంది. నోరు విప్పినవాళ్లే ముందు వీధిన పడతారు. ఇది తెలిసే చాలామంది విప్పరు.

కొన్ని ఒప్పందాల్లో దీనికి విరుగుడుగా రెండు షరతులు రాస్తున్నారు. కొత్త ఏజెన్సీ వచ్చినా పాత మనుషులనే కొనసాగించాలన్నది ఒకటి. పేరుపేరునా జీతం, పీఎఫ్, బోనస్ బాకీ లేదని తేలేదాకా పాత ఏజెన్సీ చివరి బిల్లు, డిపాజిట్ ఆపి ఉంచడం రెండోది. వెట్టి అని గుర్తిస్తే విడుదల పత్రం ఇచ్చి, అప్పు రద్దు చేసి, పునరావాస సాయం అందించే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. ఆ సాయం పరిస్థితిని బట్టి లక్ష నుంచి మూడు లక్షల దాకా ఉంటుంది. తక్కువిచ్చిన జీతం కోసం వేతనాల కోడ్ కింద మూడేళ్ల వరకు క్లెయిమ్ వేయొచ్చు. జీతం ఇచ్చామని రుజువు చేయాల్సింది యజమాని. 43వ సెక్షన్ ఉంది కాబట్టి ఏజెన్సీ బోర్డు తిప్పేసినా, భవనం ఎవరిదో వారి పేరు మీద ఆ క్లెయిమ్ నిలుస్తుంది.